కిరీటాల్లో కుంకుమ

"నంబరు నాదే బాబూ" అన్నాడు జోగయ్య మళ్ళీ.

ఎలీషా కుర్చీలో వెనక్కి జారబడ్డాడు. ముప్పై ఏళ్ళు పోలీసు ఉద్యోగం చేస్తే మనిషికి మిగిలేవి చక్కెర జబ్బు, మోకాళ్ళ నొప్పులు, ఎదుటివాడి అబద్ధాన్ని పసిగట్టే ముక్కు. ఈ మధ్య ఆ ముక్కు మీద కూడా నమ్మకం సన్నగిల్లుతోంది. అయినా ఈ ముసలాయన అబద్ధమాడటం లేదని మాత్రం తెలుస్తూనే ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది. అబద్ధాలకోరును గుచ్చి గుచ్చి అడిగితే ఎక్కడో ఒకచోట దొరికిపోతాడు. తన మెడకు తానే ఉరి బిగించుకుంటున్న నిజాయితీపరుణ్ణి ఏమని అడగాలి?

సంగతి చూడబోతే చిన్నదే. రాయ్‌పూర్ పక్కన సిల్తారాలో ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ ఉంది. అందులో స్టోర్స్ మేనేజరు గిరిధర్‌ని మొన్న సాయంత్రం షిఫ్టు మారే వేళ, కాటా గది వెనకాల ఎవరో తుపాకితో కాల్చేశారు. పక్కనే తుప్పల్లో రెండు గొట్టాల పాత తుపాకి దొరికింది. దాని మీద ఉన్న నంబరు ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా కాసే జోగయ్య లైసెన్సులో ఉన్న నంబరే. సిల్తారా ఠాణా ఇన్‌స్పెక్టరు, ఇక్కడివాళ్ళ మాటలో టీఐ, దేవాంగన్ నిన్న రాత్రి జోగయ్యను పట్టుకొచ్చి లోపల వేశాడు. పైవాళ్ళెవరో ఒకసారి చూసి రమ్మన్నందుకు క్రైం బ్రాంచి నుంచి ఎలీషా వచ్చాడు. నాలుగింటికి జోగయ్యను కోర్టులో హాజరు పరుస్తారు. అక్కణ్ణుంచి జైలుకి. ఆ తర్వాత కేసు విచారణకు వచ్చేదాకా ఆ తుపాకి మొహం చూసేవాడుండడు. అందాకా ఈయన బతికుంటాడన్న నమ్మకం ఎలీషాకు లేదు. కామెర్లు వచ్చి తగ్గిన మనిషి, కళ్ళింకా పసుపుపచ్చగానే ఉన్నాయి.

"జోగయ్యగారూ, ఆ తుపాకిని మీరు చేత్తో పట్టుకుని చూశారా?"

"ముట్టుకోనిత్తారేటి బాబూ. ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మీట కాడున్న నంబరు సూపించినారు. ఇదేనా అన్నారు. అదేనన్నాను. లైసెన్సు చెకింగుకి ఎల్లినప్పుడల్లా ఆ నంబరే గదా సెప్తాను. నిద్దర్లో లేపినా సెప్తాను."

"అసలు ఆ తుపాకి మీకెలా వచ్చింది?"

"మా అయ్యది. రైలు లైను పనిలో ఉండీవోడు, పార్వతీపురం కాడ. వొంతెనలు కట్టీ దొర ఒకడు స్వతంత్రం వొచ్చినాక ఎల్లిపోతా మా అయ్యకి ఇచ్చేసినాడు. నలబై ఎనిమిదిలో లైసెన్సు రాసినారు. అయ్య పోయినాక నా పేర మార్చినారు." జోగయ్య అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "దాని మీదే నా బతుకంతా ఎల్లిపోనాది బాబూ. సొంత తుపాకి ఉందనే గదా నాకీ నౌకరీ ఇచ్చినారు. అలాటిది అదెల్లి ఒక మనిసిని తీసేసిందంటే నాకు తల తీసేసినట్టుంది."

"మీరు కడసారి దాన్ని ఎప్పుడు చూశారు?"

"ఎలచ్చన్లప్పుడు. తుపాకులన్నీ బుధ్వానీ తుపాకుల దుకాణంలో జమ చెయ్యాలని హుకుం వొచ్చినాది గదా. గార్డులందరివీ మా సెక్యూరిటీ సాబ్ మురళీమోహన్‌గారే పట్టుకెళ్ళి జమ చేయించినారు. ఎలచ్చన్లయినాక ఆయనే తెచ్చి గార్డు రూము అల్మారీలో పెట్టించినారు. అప్పటికి నాను కామెర్లతో మంచంలో ఉన్నాను. వారం కిందట డ్యూటీకి వొచ్చినాను గాని, ఇంకా లాఠీ డ్యూటీయే వేసినారు. అల్మారీ తెరవనే నేదు. దాని తాళం చాబీ మేకుకి ఏలాడుతూ ఉంటాది, ఎవురైనా తీయొచ్చు."

"గిరిధర్‌తో మీకేమైనా గొడవుందా?"

"గేటు దాటి ఇనుము పోతందని ఆయన కంప్లైంటు రాసినాడు. గేటు కాడ ఉండీది నాను గదా బాబూ. దొంగన్నాడు. నాను కూడా ఒక మాటన్నాను. అందరూ ఇన్నారు."

మనిషి దేన్నీ దాచుకోవడం లేదు. దేవాంగన్ రాసుకున్న కేసుకి తన వంతు సాయం తానూ చేస్తున్నాడు. ఎలీషాకు జాలేసింది, విసుగూ వచ్చింది. రెండూ దాచుకుని లేచి పక్క గదిలోకి వెళ్ళాడు.

పక్క గదిలో బల్ల మీద తుపాకి ఉంది. వేలిముద్రల వాళ్ళు ముందే చూసి పెదవి విరిచి వెళ్ళారు, కాల్చినవాడు గుడ్డతో తుడిచేశాడట. ఎలీషా చేతికి తొడుగులు వేసుకుని ముందు వైపు చెక్కను ఊడదీశాడు. గొట్టాల జంటను విడదీసి వెల్లకిలా తిప్పి పెట్టాడు. తుపాకి మూసి ఉన్నంతసేపూ ఎవరికీ కనబడని జాగా అది. జేబులోంచి భూతద్దం తీశాడు.

"ఎలీషా జీ, ఇంకా ముగియలేదా?" అంటూ దేవాంగన్ లోపలికొచ్చాడు. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, ఒక చేతిలో టీ గ్లాసు. ఆయన హిందీలో ఉండే మర్యాద మాటల్లో ఒక్కటీ మర్యాదగా వినపడదు. "నంబరు కలిసింది, గొడవుంది, మనిషే ఒప్పుకుంటున్నాడు. ఇంకా దాని పొట్ట కోసి ఏం చూస్తారు? ఓహో, మీ తెలుగాయన కదా. అందుకా?"

"నేను పుట్టింది ఇక్కడి డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో. మీరు పుట్టింది ధమ్తరిలో. మనిద్దరిలో రాయ్‌పూర్ మనిషిని నేనే" అన్నాడు ఎలీషా తలెత్తకుండా. "ఇలా వచ్చి ఇది చదవండి."

దేవాంగన్ గ్లాసు పక్కన పెట్టి వంగాడు. ఇనుములో దిగబడిన చిన్న చిన్న గుర్తులు. ఒక్కో గొట్టానికి ఒక్కో కిరీటం, దాని కింద మూడు ఇంగ్లీషు అక్షరాలు. పక్కనే ఇంకో ముద్ర.

"త్రీ టన్స్" అని చదివి ఆయన నవ్వాడు. "తుపాకా, లారీయా?"

"బరువు కాదు. లోపల మందు పేలినప్పుడు గొట్టం తట్టుకోవాల్సిన ఒత్తిడి. ఇంగ్లండులో ఏ తుపాకి అయినా అమ్మకానికి రావాలంటే ముందు పరీక్షశాలకు పోవాలి. అక్కడ మామూలు కంటే ఎక్కువ మందు కూరి కాల్చి చూస్తారు. గొట్టం బద్దలు కాకపోతేనే ఈ ముద్రలు కొడతారు. ఇది బర్మింగ్‌హామ్ పరీక్షశాల ముద్ర. కాలాన్ని బట్టి రూలు మారేది, రూలు మారినప్పుడల్లా ముద్రా మారేది. ఒత్తిడిని ఇలా టన్నుల్లో రాయడం, మూడక్షరాలు కలిపి ఒకే కిరీటం కింద కొట్టడం, ఈ రెండూ పందొమ్మిది వందల యాభై నాలుగు రూల్స్‌తో వచ్చినవి. అంతకు ముందు లేవు."

"అయితే?"

"జోగయ్య తుపాకికి లైసెన్సు పుట్టింది నలభై ఎనిమిదిలో. నలభై ఎనిమిదిలో మన దేశంలో ఉన్న తుపాకి మీద యాభై నాలుగు నాటి ముద్ర ఎలా పడుతుంది?"

దేవాంగన్ టీ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "రిపేరు కోసం ఇంగ్లండు పంపి ఉంటారు."

"గేటు కాపలా వాడా?"

"గొట్టాలు మార్పించి ఉంటాడు. పాత సామాను, ఏమైనా జరిగి ఉండొచ్చు."

"ఇక్కడ చూడండి." ఎలీషా వేలు పెట్టి చూపించాడు. "గొట్టాల కింద కూడా నంబరు ఉండాలి. ఇక్కడ ఆకురాయితో అరగదీసేశారు. చెయ్యి తగలని చోట అరుగుదల ఎందుకొస్తుంది? మీట దగ్గరున్న నంబరు కూడా చూడండి. అంకెల అంచులు వేలికి గరుగ్గా తగులుతున్నాయి. ఇది జోగయ్య తుపాకి కాదు. ఇంకొకరి తుపాకికి ఆయన నంబరు కొట్టారు. కొట్టినవాడు నంబర్ల గురించే ఆలోచించాడు. కిరీటాలూ అక్షరాలూ నంబర్లు కావు కదా, వాటి జోలికి పోలేదు."

"ఈ విద్యంతా ఎక్కడ నేర్చారు?"

"మీ దయ వల్లే. మీరు పట్టుకున్న తుపాకి దొంగ అసలు దొంగ కాదని నేను రిపోర్టు రాశాను గుర్తుందా? ఆ తర్వాత నన్ను పోలీస్ లైన్స్ ఆయుధాల గదిలో పారేశారు. మూడేళ్ళ పాటు పాత తుపాకులకు తుప్పు గీకడమే పని. ఊరికే కూర్చోలేక వాటి వీపులన్నీ చదివాను."

దేవాంగన్ మొహంలో నవ్వు పోయింది. "ఎలీషా జీ, మీ కిరీటాల కథ మేజిస్ట్రేటుకు చెప్పుకోండి. ఫోరెన్సిక్ రిపోర్టు రావడానికి నెలలు పడుతుంది. నాలుగింటికి బండి బయల్దేరుతుంది." వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగిపోయాడు. అక్కడ ఒక ముసలమ్మ చేతిలో టిఫిను గిన్నెతో నిలబడి ఉంది. ఆమె వెనక తెల్లచొక్కాలో ఒక పెద్దమనిషి.

జోగయ్య భార్య ఆండాళమ్మనీ, ఫ్యాక్టరీ సెక్యూరిటీ ఆఫీసరు మురళీమోహన్‌నీ ఎలీషా పొద్దున్నే చూశాడు. మురళీమోహన్ విజయవాడ వైపు మనిషి, ఇక్కడి తెలుగు సంఘంలో ఏ పనికైనా ముందుండేవాడు. జోగయ్యకు వకీలును ఆయనే మాట్లాడాడు. హిందీ సరిగా రాని ఆండాళమ్మను పొద్దుటినుంచీ వెంటబెట్టుకు తిరుగుతున్నదీ ఆయనే. దేవాంగన్ కూడా ఆయనకు టీ తెప్పించి ఇచ్చాడు.

ఆండాళమ్మ ఎవరి మొహమూ చూడటం లేదు. బల్ల మీద వెల్లకిలా ఉన్న గొట్టాల్నే చూస్తోంది. మెల్లగా దగ్గరికొచ్చింది.

"ఇది మాది గాదు బాబూ."

"ఎలా చెప్పగలవమ్మా?"

"మాదానికి బొట్లుంటాయి. ఏటేటా దసరాకి మా ఇంటాయన ఇలాగే ఇప్పి పీట మీద పెడతారు. కిందన కిరీటాలుంటాయి. ఇటు మూడు, అటు మూడు. ముగ్గురమ్మల కిరీటాలని మా అత్త సెప్పీది. దొరలదైనా గాని, అమ్మోరి గుర్తు ఏస్కోకండా ఇనుము పన్జెయ్యదనీది. ఆ కిరీటాల్లో నూనెతో కలిపి కుంకం పెడతాను. మా అత్తా పెట్టీది. తుడిస్తే పోదు బాబూ, ఏళ్ళ తరబడి గట్టిపడిపోనాది." గొట్టాల వైపు చూపించింది. "దీనికి ఒకటే కిరీటముంది. బొట్టు కూడా నేదు. ఈ దసరాకి ఎలచ్చన్లని ముందే పట్టుకెళ్ళిపోనారు, పూజ సెయ్యనేదు. అందుకే మాకిలాగయ్యింది."

ఎలీషా ఒంట్లో అలసట కాసేపు ఎటో పోయింది. యాభై నాలుగుకు ముందు బర్మింగ్‌హామ్‌లో మూడు ముద్రలు విడివిడిగా కొట్టేవారు. చూసి పాస్ చేసినందుకు ఒకటి, మామూలు మందు పరీక్షకు ఒకటి, పొగ రాని మందు పరీక్షకు ఇంకొకటి. మూడింటికీ మూడు కిరీటాలు. ఆయుధాల గదిలో తను మూడేళ్ళు కూర్చుని నేర్చుకున్న తేడాను ఆ అత్తాకోడళ్ళు ఏటేటా బొట్టు పెట్టి దాచుకున్నారు. ఆయనకు ఆవిడ చేతులు పట్టుకోవాలనిపించింది. పోలీసువాడు కాబట్టి పట్టుకోలేదు.

"విన్నారా టీఐ సాబ్?" అంటూ ఆ మాటల్ని హిందీలో చెప్పాడు. "అసలు తుపాకి ఇంకెక్కడో ఉంది. అది దొరికితే ఈవిడ చూసీ చూడగానే గుర్తుపడుతుంది. కోర్టులో కూడా చెబుతుంది."

"కిరీటాలంటే ఏమిటండీ, నాకర్థం కాలేదు" అన్నాడు మురళీమోహన్ నెమ్మదిగా. ఎలీషా ఆయన్ను దగ్గరికి పిలిచి చూపించాడు కూడా. ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, వంగి శ్రద్ధగా చూశాడు. "పాపం, ఎంత గమనింపో పెద్దావిడకి" అన్నాడు.

"పొద్దుట్నించీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదండీ ఈవిడ" అన్నాడు మళ్ళీ. "దేవేంద్ర నగర్‌లో మా ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టిస్తాను. మీకెప్పుడు కావాలంటే అప్పుడు తీసుకొస్తాను."

"పుణ్యం కట్టుకోండి" అన్నాడు ఎలీషా.

రాయ్‌పూర్‌లో బుధ్వానీ తుపాకుల దుకాణం వెనక గదిలో ఎన్నికలప్పుడు జమ చేసిన తుపాకులు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. గార్డుల తుపాకులన్నీ ఇక్కడే జమ అయ్యాయి, ఇక్కడినుంచే తిరిగి వెళ్ళాయి. ఒక తుపాకి ఇంకో దాని నంబరు వేసుకుని బయటికి పోయిందంటే, ఆ రెండోది లోపలే ఉండిపోయి ఉండాలని ఎలీషా లెక్క. దేవాంగన్ కూడా వెంటే వచ్చాడు. తన కేసుకు ఎలీషా ఎక్కడ పొగబెడతాడోనని కాపలాకి వచ్చానని దాచకుండానే చెప్పాడు.

"ఎన్నికలొస్తే చాలు, నా దుకాణాన్ని గోదాం చేసేస్తారు సాబ్" అని బుధ్వానీ మొదలుపెట్టాడు. "ఇవన్నీ ఇంకా యజమానులు తీసుకెళ్ళనివి. నంబరు చూస్తాం, చీటీ కడతాం, నిలబెడతాం. అంతే. విప్పి చూడటం మా పని కాదు."

ఎలీషా కింద కూర్చున్నాడు. మోకాలు కలుక్కుమంది. రెండు గొట్టాల పాత తుపాకుల్ని ఒక్కోదాన్నీ తెచ్చుకుని, విప్పి, వెల్లకిలా తిప్పి, భూతద్దంతో చూసి పక్కన పెడుతున్నాడు. మొదటిది బెల్జియం తయారీ. తర్వాతది మన దేశంలోనే చేసింది. ఇంకోటి లండన్‌ది, గుర్తులు వేరు. దేవాంగన్ మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. రెండున్నర దాటింది.

"వదిలెయ్యండి ఎలీషా జీ. లేవడానికి కూడా ఓపిక లేదు మీకు."

"లేవడానికి లేదు. కూర్చోవడానికి ఉంది" అంటూ ఎలీషా ఇంకోదాన్ని లాగాడు.

చూడటానికి మెరుస్తోంది. ఎవరో శుభ్రంగా నూనె పెట్టి తుడిచారు. ముందు చెక్క తీసి గొట్టాల్ని తిప్పాడు. నంబరు ఉండాల్సిన చోట ఆకురాయి గీతలున్నాయి. ఇటు మూడు కిరీటాలు, అటు మూడు. టన్నుల ముద్ర లేదు. ఆరు కిరీటాల్లోనూ గీతగీతనా నల్లబడిన ఎరుపు పేరుకుపోయి ఉంది. జేబులోంచి గుండుసూది తీసి ఒక కిరీటం అంచున కొద్దిగా గీకాడు. సూది మొన మీద కుంకుమ రవ్వ నిలిచింది.

ఎలీషా గొట్టాల్ని దేవాంగన్ చేతికిచ్చాడు. దేవాంగన్ కిటికీ దగ్గరికి వెళ్ళి చాలాసేపు చూశాడు. తిరిగి వచ్చినప్పుడు ఆయన మొహంలో ఎకసెక్కం లేదు. మీట దగ్గర కట్టిన అట్ట చీటీ తిప్పి, ఎవరి పేరుందో పైకి చదివాడు.

"మురళీమోహన్."

ఎలీషా ఆ చీటీని బుధ్వానీకి చూపించాడు.

"ఆయనదే సాబ్" అన్నాడు బుధ్వానీ. "గార్డుల తుపాకులు తీసుకెళ్ళినా తనది మాత్రం ఇక్కడే ఉంచేశారు. మొన్న హత్య జరిగిన మర్నాడు వచ్చి, నా తుపాకి అక్టోబరునుంచీ నీ దగ్గరే ఉందని పోలీసులడిగితే చెప్పు అన్నారు. ఇందాక మళ్ళీ ఫోన్ చేశారు. సాయంత్రం వచ్చి తీసుకెళ్తారట. సిల్తారాలో ఏదో చిన్న పని ఉందట, అది చూసుకుని వస్తారట."

ఎలీషా మనసులో అన్నీ ఒక్కసారే కలిశాయి. గేటు దాటిన ఇనుము జోగయ్య కళ్ళ ముందు పోయింది నిజమే. పోనివ్వమని హుకుం ఇవ్వగలిగినవాడు మాత్రం గేటు కాపలాదారు కాదు, అతని పై ఆఫీసరు. జమ చేసే ముందు రెండు తుపాకులూ ఒక్క మనిషి చేతిలో ఉన్నాయి, వాటి నంబర్లు తారుమారు చెయ్యడానికి ఫ్యాక్టరీ వర్క్‌షాపులో ఆకురాళ్ళకీ అంకెల అచ్చులకీ కొదవ లేదు. ఇప్పుడు ఆ మనిషికి ఈ తుపాకిని గుర్తుపట్టేది లోకంలో ఎవరో తెలుసు. తెలియజెప్పింది తనే. దగ్గరికి పిలిచి, కిరీటం చూపించి మరీ చెప్పాడు. పైగా పుణ్యం కట్టుకోమన్నాడు.

పొద్దున రాసుకున్న ఆండాళమ్మ ఫోను నంబరు నొక్కాడు. చాలాసేపు మోగాక ఎత్తింది. వెనక నుంచి కారు చప్పుడు.

"బాబూ, వొచ్చేత్తన్నాం" అంది సంబరంగా. "మా తుపాకి సిల్తారాలో దొరికిందట గదా. కుంకం సూసి సెప్పడానికి నన్ను తెమ్మని మీరే పిలిపించినారట. అన్నం కూడా సగంలో వొదిలేసి వొచ్చినాను. మా ఇంటాయన్ని ఇయ్యేళే ఒగ్గేత్తారా బాబూ?"

ఎలీషా దేవాంగన్‌కి సైగ చేశాడు. ఆమె పక్కనే స్టీరింగు పట్టుకున్నవాడికి ఫోనులోని ప్రతి మాటా వినపడుతూ ఉంటుంది. దేవాంగన్ అప్పటికే బండి తాళాలు తీసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"అవునమ్మా, నేనే పిలిచాను" అన్నాడు గట్టిగా. "ఫ్యాక్టరీ మెయిన్ గేటు దగ్గరే ఉన్నాను. టీఐ సాబ్ ఉన్నారు, పదిమంది స్టాఫ్ కూడా ఉన్నారు. మీ కోసమే చూస్తున్నాం. సరిగ్గా గేటు దగ్గరికే రమ్మను."

అలా చెబితే వాడు భయపడి ఆమెను ఎక్కడో దింపేసి పారిపోతాడనుకున్నాడు. ఫోనులో కాసేపు కారు ఇంజను ఒక్కటే వినపడింది. తర్వాత టిక్కు టిక్కుమని మలుపు ఇండికేటరు చప్పుడు.

"ఇదేటి బాబూ" అంది ఆండాళమ్మ. "గేటు తిన్నగా గదా. ఈయనేటి, బండిని అడవి దారికి తిప్పేత్తన్నారు?"

ఎలీషా ఆమె పేరు పెట్టి పిలిచాడు. అవతల ఫోను ఆగిపోయింది.